పురుగుమందుకు పంపని పిల్లవాణ్ణి పాన్ డబ్బాకు పంపవచ్చునా?

కాలేజీ సంచికల్లో యువతరాన్ని గూర్చిన వ్యాసాలకు కొదువ ఉండదు. యువత పెడదారి పడుతున్నదని పెద్దలు వ్రాస్తారు. దేశానికి వెన్నెముక యువతేనని మనం వ్రాసుకుంటాం. రెండూ చదివి, క్యాంటీన్‌లో చాయ్ తాగి, ఎవరి దారిన వాళ్ళం పోతాం. నేను ఈసారి యువతను కాస్త పక్కన కూర్చోబెట్టి, యువత ముందు నిలబడి ఉన్న పాన్ డబ్బాను గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచుకున్నాను. పదిహేనేళ్ళ పిల్లవాడు ముడతలు పడ్డ నోటు చాపి ఒక సిగరెట్ అడుగుతాడు. డబ్బా ఆయన పెట్టెలోకి చెయ్యి పెడతాడు. ఆ చేతికీ ఈ చేతికీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు దూరంలో ఏం జరగాలన్నదే నా వ్యాస విషయం.

ఇందులో నా స్వార్థం కూడా ఉన్నది. దాచుకోవడం దేనికి? మా తమ్ముడు ఈ ఏడు ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరాడు. పదహారేళ్ళు. హనుమకొండలో ఒక గది కిరాయికి తీసుకొని ఇద్దరం ఉంటున్నాం. వంట నాది, గిన్నెలు వాడివి. గది నుండి వాడి కాలేజీ దాకా నడిచే దారిలో పొగాకు అమ్మే డబ్బాలు, కిరాణం దుకాణాలు, చాయ్ బండ్లు కలిపి తొమ్మిది ఉన్నాయి. ఒక ఆదివారం పనిగట్టుకొని లెక్కపెట్టాను. ఆ తొమ్మిదింటిలో పద్దెనిమిదేళ్ళ లోపు వారికి అమ్మరాదన్న బోర్డు ఒక్క చోటనే కనపడింది. దాని మీద కూడా చిప్స్ పొట్లాల దండ వేలాడుతున్నది. మా తమ్ముడు మంచివాడే. కాని వాడు మంచివాడా కాదా అన్న పరీక్ష రోజుకు తొమ్మిది సార్లు పెట్టవలసిన అవసరం ఎవరికి వచ్చింది?

ముందు చట్టం సంగతి చెప్పుకుందాం. 2003లో కేంద్ర ప్రభుత్వం పొగాకు ఉత్పత్తుల మీద ఒక చట్టం చేసింది. కోట్పా అని పిలుస్తారు. అందులో ఆరవ సెక్షన్ రెండు మాటలు చెబుతుంది. పద్దెనిమిదేళ్ళు నిండని వారికి సిగరెట్, బీడీ, తంబాకు వగైరా ఏవీ అమ్మరాదు. విద్యాసంస్థకు నూరు గజాల లోపల అసలే ఎవరికీ అమ్మరాదు. నూరు గజాలు అన్న మాట చూసి నాకు ముచ్చట వేసింది. గుంటకు నూట ఇరవై ఒక్క చదరపు గజాలని చిన్నప్పటి నుండి వింటూ పెరిగినవాణ్ణి కదా! నూరు గజాలంటే తొంభై ఒక్క మీటర్ల పైచిలుకు. దాన్ని గేటు దగ్గరి నుండి కొలుస్తారని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ప్రహరీ గోడ బయటి అంచు నుండి చుట్టూరా కొలవాలి. అంటే వెనక సందులో, హాస్టలు గోడకు ఆనుకొని ఉన్న డబ్బా కూడా లెక్కలోకి వస్తుంది.

ఆ చట్టం కింద వచ్చిన నిబంధనలు ఇంకాస్త వివరంగా ఉన్నాయి. దుకాణంలో 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పుకు తక్కువ కాకుండా బోర్డు పెట్టాలి, అదీ మన భాషలో ఉండాలి. అనుమానం వస్తే వయసు రుజువు అడిగే హక్కు అమ్మేవానికి ఉన్నది. కొన్నవాడు చిన్నవాడు కాడని చూపించే భారం కూడా అమ్మేవాని మీదనే ఉన్నది. 2011లో వచ్చిన సవరణ మరో రెండు సంగతులు చేర్చింది. పిల్లల చేతికి అందేటట్టు, కంటికి ఇంపుగా కనపడేటట్టు పొగాకు సరుకు పెట్టరాదు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళ చేత అమ్మించరాదు. ఈ రెండో మాట చదివినప్పుడు నాకు చాలామంది మొహాలు కండ్ల ముందర మెదిలాయి. బడి వదలగానే నాయిన డబ్బాలో కూర్చొని, ఆయన తిని వచ్చే దాకా గిరాకి చూసుకొనే ఎనిమిదో తరగతి పిల్లలు మనందరికీ తెలిసినవాళ్ళే.

శిక్షల సంగతి చూస్తే నవ్వు వస్తుంది. కోట్పాలో ఈ తప్పుకు జరిమానా 200 రూపాయల వరకే. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ తీస్తే, పిల్లలకు మద్యం గాని, మత్తుమందు గాని, పొగాకు గాని ఇచ్చిన వారికి ఏడేళ్ళ దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. ఒకటి మరీ చిన్నది, ఇంకొకటి మరీ పెద్దది. చిన్నదానికి ఎవరూ భయపడరు. పెద్దది తన దాకా వస్తుందని ఎవరూ నమ్మరు. రెండింటి నడుమ డబ్బా నిమ్మళంగా నడుస్తున్నది.

ఇక నా చదువులోకి, మా ఇంటి పొలంలోకి వస్తాను. నేను బి.ఎస్సీ. విద్యార్థిని. మా నాయిన పత్తి, మిర్చి పండిస్తాడు. పత్తికి పేనుబంక, పచ్చదోమ వస్తే మా ఊళ్ళో రైతులు కొట్టే మందుల్లో ఒకటి ఇమిడాక్లోప్రిడ్. కాన్ఫిడార్ అంటే మా దిక్కు అందరికీ అర్థమవుతుంది. ఈ జాతి మందులకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు నియోనికోటినాయిడ్లు, అంటే నికోటిన్‌కు కొత్త చుట్టాలు అన్నమాట. నరాల మీద నికోటిన్ ఏ తాళంలో పడి తిరుగుతుందో ఇవి కూడా ఆ తాళంలోనే పడతాయి. పురుగు నరాల్లో గట్టిగా పడతాయి కనుక పురుగు చస్తుంది. ఈ మందులు రాకముందు పొగాకు కషాయం కాచి పైరు మీద చల్లేవారని మా తాత చెప్పేవాడు. ఇప్పటికీ కొందరు చల్లుతారు. ఇంకొక విచిత్రం వినండి. నికోటిన్ సల్ఫేట్ అనే పురుగుమందును మన దేశంలో పంటల మీద వాడటానికి వీలులేదు. ఎగుమతి కోసం మాత్రమే తయారు చేసుకోవచ్చు. పురుగుకు పెట్టడానికి ప్రభుత్వం ఒప్పుకోని పదార్థం పిల్లవాని నోటికి అందే ఎత్తులో, చాక్లెట్ డబ్బా పక్కన ఉంటున్నది.

పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. మెదడులో ముందు భాగం, అంటే మంచి చెడు తూచి ఆగమని చెప్పే భాగం, ఇరవై దాటి ఇరవై అయిదు దాకా పెరుగుతూనే ఉంటుంది. ఆగమని చెప్పేది పూర్తిగా తయారుకాక ముందే అలవాటు వచ్చి కూర్చుంటుంది. వయసు నియమం పెద్దల పెత్తనం కోసం పెట్టింది కాదనడానికి ఈ ఒక్క సంగతి చాలు.

పురుగుమందు దుకాణం ఎట్లా నడుస్తుందో చూడండి. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద లైసెన్సు ఉండాలి. బిల్లు మీద రైతు పేరు, ఊరి పేరు, మందు బ్యాచి నంబరు వ్రాస్తారు. డబ్బా మీద విషాన్ని బట్టి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. అయితే నేను చెప్పదలచుకున్నది లైసెన్సు సంగతి కాదు. మా ఊళ్ళో ఏ తండ్రీ పన్నెండేళ్ళ కొడుకును పురుగుమందు తెమ్మని దుకాణానికి పంపడు. పంపినా ఏ దుకాణదారూ ఇవ్వడు. “మీ నాయిన్ను రమ్మను పో” అంటాడు. ఆ మాట అనడానికి ఆయన ఏ సెక్షనూ చదవలేదు. 1997-98లో ఈ జిల్లా పత్తి రైతులు ఆ డబ్బాలతోనే ప్రాణాలు తీసుకున్న తర్వాత ఆ మందుకు ఇంటింటా ఒక భయం, ఒక జాగ్రత్త ఏర్పడింది. అటక మీద పెడతారు, పిల్లలను ముట్టనివ్వరు. అదే ఇంట్లో, అదే తండ్రి, అదే కొడుకును పిలిచి, “బిడ్డా, ఉరికిపోయి బీడీ కట్ట పట్టుకరాపో” అంటాడు. ఇక్కడే మన తికమక అంతా ఉన్నది.

నా మేనమామ ఒకాయన నలభై ఒకటో ఏట నోటి పుండుతో హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో చేరాడు. నేను వారం రోజులు దగ్గర ఉన్నాను. గుట్కా ఎప్పుడు మొదలయిందని డాక్టరు అడిగితే వేళ్ళు చూపించాడు, అప్పటికి మాట రావడం లేదు. తొమ్మిది వేళ్ళు. తొమ్మిదో తరగతి అన్నమాట. అప్పుడు ఆయనకు అమ్మినాయన ఎవరో, ఎక్కడున్నాడో! ఆ రోజు “నీకు లేదు పో” అని ఉంటే మా మామ ఇంకో దుకాణానికి పోయేవాడేమో. పోకపోయేవాడేమో కూడా. ఎకరం పది గుంటల భూమి పోయింది. మనిషి కూడా దక్కలేదు.

గుట్కా సంగతి కొంచెం వేరు, అది వయసుతో నిమిత్తం లేకుండా ఎవరికీ అమ్మరాని సరుకు. తినే పదార్థాల్లో పొగాకు, నికోటిన్ కలపరాదని 2011 ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్లు కూడా అంతే. అయినా రెండు పొట్లాలు విడివిడిగా అమ్మి, చేతిలో కలుపుకొమ్మని చెప్పే తెలివి మనవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర లేదు.

దుకాణదారుణ్ణి తిట్టడం తేలిక. నేను తిట్టదలచుకోలేదు. మా గదికి దగ్గరలో ఒక పాన్ డబ్బా ఆయన ఉన్నాడు. అన్నా అని పిలుస్తాను. ఊరు విడిచి వచ్చి పదకొండేళ్ళయిందట. ఒక సాయంత్రం గిరాకి లేనప్పుడు అడిగాను: “అన్నా, గంత చిన్న పోరనికి సిగరెట్ ఎందుకిచ్చినవే?”

ఆయన కోపం చేయలేదు. “ఏం జెయ్యాలె తమ్మీ? నేనియ్యకుంటే పక్క డబ్బల కొంటడు. సిగరెట్ ఒక్కటే పోతదా? చాయ్ పోతది, బిస్కట్ పోతది, వాని దోస్తులు పోతరు. ఎవనికి పదిహేడో ఎవనికి పంతొమ్మిదో మొకం మీద రాసుంటదా? గడ్డం ఉన్నోనికి పదహారుంటయ్, లేనోనికి ఇరవై రెండుంటయ్. అడిగితే ‘నువ్వేమన్న పోలీసోనివా’ అంటరు. గట్టిగ అంటే పదిమందిని తోల్కొస్తరు. మా నాయినకు అంటే నేనేమనాలె? ఆళ్ళ నాయిన నా తాన ఉద్దెర పెడతడాయె!”

ఈ నాలుగు మాటల్లో సమస్య మొత్తం ఉన్నది. వయసు తెలియడం లేదు, అడిగితే తగవు వస్తుంది, కాదంటే పక్కవాడు లాభపడతాడు, “మా నాయినకు” అన్న మాటకు జవాబు లేదు. బోర్డులు వ్రాయించేవాళ్ళు ఒక్కసారి ఆ డబ్బాలో కూర్చొని ఆలోచిస్తే బాగుండేది.

వయసు తెలియకపోవడం నిజానికి అన్నిటికంటే చిన్న చిక్కు. ఇంగ్లండులో పొగాకు, మద్యం కొనే వయసు పద్దెనిమిదే. కాని అక్కడ చాలా దుకాణాల్లో చాలెంజ్ 25 అనే పద్ధతి ఉన్నది. ఇరవై అయిదేళ్ళ లోపు వానిలా కనపడిన ప్రతివాణ్ణీ రుజువు అడుగుతారు. ఇందులో కిటుకు గమనించండి. పదిహేడా పంతొమ్మిదా అని మొహం చూసి ఊహించడం ఎవరి తరమూ కాదు. ఇరవై అయిదు దాటిందా లేదా అన్నది కొంచెం సులువు. పైగా అందరినీ అడిగినప్పుడు ఎవరికీ అవమానం ఉండదు. ఒక్కణ్ణి అడిగితేనే తగవు.

ఆ ఏళ్ళ లెక్క గిరాకి నడుమ దుకాణదారు వేసుకోలేడు. దానికి నాకు తోచింది ఒక పలక. పొద్దున డబ్బా తెరవగానే ఆనాటి తేదీ నుండి పద్దెనిమిదేళ్ళు వెనక్కి లెక్కగట్టి, “ఈ తేదీన గాని, ఇంతకు ముందు గాని పుట్టినవారికే సిగరెట్” అని బలపంతో వ్రాసి వేలాడదీయాలి. ఇక లెక్క అక్కర లేదు. కార్డు మీది తేదీని పలక మీది తేదీ పక్కన పెట్టి చూస్తే చాలు. ఈ రోజుల్లో ఆధార్ అందరి ఫోనులోనూ ఉంటుంది. సిగరెట్‌కు పైసలు కూడా ఆ ఫోనుతోనే కొడుతున్నారు కదా! పైసలు ముట్టాయని ఆ చిన్న పెట్టె వీధంతా వినపడేటట్టు అరుస్తుంది గాని, కొట్టినవాని వయసు ఎంతో అది చెప్పదు. ఇంకొక మేలు కూడా ఉన్నది. కాదన్నది ఆయన కాదు, పలక. “నేనేం జెయ్యాలె తమ్మీ, గీడ రాసున్నది” అనవచ్చు. తగవు సగం అక్కడే తెగిపోతుంది.

సరుకు పెట్టే చోటు మారాలి. 2017 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకు ఒక సలహా వ్రాసింది. పొగాకు అమ్మే దుకాణాలకు మునిసిపాలిటీ లైసెన్సు పెట్టాలి, అక్కడ బిస్కట్లు, చాక్లెట్లు, చిప్స్ వంటి పిల్లలు కొనే వస్తువులు అమ్మనివ్వరాదు అని. ఇది చిన్న డబ్బాకు కష్టమే. రెండూ అమ్మితేనే గడుస్తుంది. కనీసం పొగాకు సరుకు వెనకకూ పైకీ, మిఠాయి ముందుకూ పెట్టవచ్చును కదా. దారానికి కట్టి వేలాడదీసిన ఆ లైటరు కూడా లోపలికి పోవాలి.

లూజుగా అమ్మడం పెద్ద చిక్కు. పెట్టె మొత్తం కొనే పైసలు పిల్లవాని జేబులో ఉండవు. ఒకదానికి ఉంటాయి. 2016 ఏప్రిల్ నుండి పెట్టె మీద 85 శాతం మేర భయంకరమైన బొమ్మ ముద్రిస్తున్నారు. లూజు కొనేవానికి ఆ బొమ్మ కనపడనే కనపడదు. కర్ణాటకలో 2025లో అమల్లోకి వచ్చిన సవరణ లూజు అమ్మకాన్ని నిషేధించింది, కొనే వయసును 21కి పెంచింది, జరిమానాను వెయ్యి రూపాయల దాకా చేసింది. మన రాష్ట్రంలో మద్యానికి 21 ఏళ్ళని ఎప్పటి నుండో ఉన్నది. పొగాకుకు పద్దెనిమిదే. ఈ తేడాకు నా శాస్త్రంలో నాకు కారణం దొరకలేదు.

పక్క డబ్బా సంగతి ఇంకా మిగిలే ఉన్నది. ఒక్కడు కాదంటే అతడు నష్టపోతాడు. రోడ్డు మీద అందరూ కాదంటే ఎవరూ నష్టపోరు. దీనికి అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రపు వుడ్‌రిడ్జ్ అనే చిన్న పట్నం కథ చెప్పాలి. అక్కడ 1989లో పొగాకు అమ్మకానికి లైసెన్సు పెట్టారు. పిల్లలకు అమ్మితే జరిమానా, మళ్ళీ అమ్మితే లైసెన్సు కొన్నాళ్ళు రద్దు. అంతకంటే ముఖ్యం, కొన్ని నెలలకోసారి తప్పకుండా తనిఖీ చేశారు. అంతకు ముందు పిల్లలు అడిగితే నూటికి డెబ్బై దుకాణాలు ఇచ్చేవి. ఏడాదిన్నర తిరిగే సరికి అయిదు కంటే తక్కువకు వచ్చింది. ఆ ఊరి బడిపిల్లల్లో పొగ తాగే అలవాటు కూడా సగానికి పైగా తగ్గిందని 1991లో ఒక వైద్య పత్రికలో అచ్చయింది. ఎవరినీ జైలుకు పంపలేదు, ఎవరి డబ్బా పగలగొట్టలేదు. చిన్న శిక్షే, కాని తప్పక వస్తుందని అందరికీ తెలుసు. మన దగ్గర ఏడాదికోసారి హడావిడిగా దాడి, నాలుగు పెట్టెలు స్వాధీనం, పేపర్లో ఫోటో. మర్నాడు షరా మామూలే. లాఠీతో డబ్బా బోర్లించడం నాకు అసలే గిట్టదు. అది ఒక సంసారపు కంచాన్ని బోర్లించడమే అవుతుంది.

2019లో మన దేశంలో బడిపిల్లల మీద జరిగిన సర్వేలో 13 నుండి 15 ఏళ్ళ వారిలో 8.5 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారని తేలింది. అరవై మంది ఉన్న తరగతి గదిలో అయిదుగురు. మనం పదో తరగతిలో కూర్చున్న గదిని గుర్తు చేసుకొని ఆ అయిదుగురు ఎవరో లెక్కపెట్టండి. నాకు పేర్లతో సహా గుర్తున్నారు.

“మా నాయినకు” అన్న మాట దగ్గరికి వస్తాను. ఇది దుకాణదారు ఒక్కడు తీర్చలేని ముడి. మా తాతకు చుట్టలు, మా నాయినకు బీడీలు మోసింది మా ఇంట్లో పిల్లలమే. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తెచ్చి ట్రాక్టరు వరుసలో రాత్రంతా ఎదురుచూసే రైతు, వెంట వచ్చిన కొడుకును బీడీలకు పంపుతాడు. ఆయన బస్తాలు వదలి పోలేడు కదా! అందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు. కాని ఆ పిల్లవానికి దుకాణం గుమ్మం అక్కడే అలవాటవుతుంది. పేరు చెప్పి అడగడం, పైసలిచ్చి తీసుకోవడం, జేబులో వేసుకొని నడవడం అన్నీ వస్తాయి. ఒక్క అగ్గిపుల్ల గీయడమే తక్కువ. దుకాణదారు ఇవ్వనంటే తండ్రి వచ్చి, “నన్ను నమ్మవా?” అని అలుగుతాడు. అందుకని ముందు తండ్రులకు చెప్పాలి. చెప్పవలసింది మనం, చదువుకున్న కొడుకులం, బిడ్డలం. నేను మా నాయినకు చెప్పాను. “నువ్వు తాగు, తాగకపో, గది నీ ఇష్టం. తెచ్చుకునేది మాత్రం నువ్వే తెచ్చుకో బాపూ” అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత తానే పోతున్నాడు. దూరం కనుక కట్టకు బదులు సగం కట్టతో సరిపెడుతున్నాడని అమ్మ ఫోనులో చెప్పింది.

బెల్టు షాపుల గూర్చి ఎక్కువ వ్రాయను. అదొక పెద్ద కథ. లైసెన్సు వైన్ షాపులో కనీసం 21 ఏళ్ళని ఒక గీత ఉన్నది. ఊళ్ళో కిరాణం వెనక గదిలో అమ్మే సీసాకు ఏ గీతా లేదు, ఎందుకంటే ఆ దుకాణమే చట్టం లెక్కలో లేదు. లేని దుకాణాన్ని వయసు అడగమని ఎట్లా చెబుతాం? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటంతో మరుసటి ఏడు సారా నిషేధం వచ్చింది. వయసుల మాట వాళ్ళు ఎత్తలేదు, దుకాణమే వద్దన్నారు. బెల్టు షాపుకు నాకు తెలిసిన మందు అదొక్కటే.

ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. మా హాస్టల్ మిత్రుడొకడు ములుగు దిక్కువాడు. వేసవిలో వాళ్ళ అమ్మ అడవిలో తునికాకు ఏరుతుంది. “మీరు బీడీ వద్దంటే మా ఇంట్లో పుస్తకాలకు పైసలెక్కడివి?” అని సూటిగా అడిగాడు. బీడీలు చుట్టి పిల్లలను చదివించిన తల్లులు మన తరగతుల్లో ఎంతమందికి ఉన్నారో! పిల్లలకు అమ్మకపోతే వాళ్ళకేమీ నష్టం లేదని నేను బుకాయించను. ఇవాళ పదిహేనేళ్ళకు మొదలుపెట్టనివాడు రేపు మొదలుపెట్టకనే పోవచ్చు. అప్పుడు బీడీకి గిరాకి తగ్గుతుంది. ఆ తల్లులకు వేరే పని చూపడం ప్రభుత్వం బాధ్యత, దానికోసం మనం గొంతెత్తాలి. కాని ఒక తల్లి కూలి కోసం ఇంకొక తల్లి కొడుకుకు అలవాటు కావాలంటే నేను ఒప్పుకోలేను. నా మిత్రుడూ కాసేపు ఆలోచించి, వాళ్ళ తమ్ముని చేతికి మాత్రం ఇవ్వవద్దనే అన్నాడు.

ఇప్పుడు మన సంగతి. మనకు పద్దెనిమిది నిండాయి, చట్టం మనల్ని ఆపదు. అందుకే జూనియర్ల కోసం డబ్బా దగ్గరికి పోయేది మనమే. ఇంటర్ పిల్లవాడు, “అన్నా, ఒకటి పట్టుకరావా” అంటే, వానికి అన్న అనిపించుకోవాలని తెచ్చి ఇచ్చేవాళ్ళు మనలో ఉన్నారు. దుకాణదారు పలకలు ఎన్ని పెట్టినా ఈ దొంగదారి మూయలేడు. రెండోది, ఆయన మనల్ని కార్డు అడిగినప్పుడు మీసం మెలేయకుండా చూపించాలి. మనం చూపిస్తేనే మన వెనక నిలబడ్డ పదహారేళ్ళవాణ్ణి అడిగే ధైర్యం ఆయనకు వస్తుంది.

విద్యార్థి సంఘం ఏటా ఈ సంచిక వేస్తున్నది, ఆటల పోటీలు పెడుతున్నది, స్వాగత సభలకు తోరణాలు కడుతున్నది. వచ్చే ఏడు ఆ తోరణాల ఖర్చులో కొంత తగ్గించి, కాలేజీ చుట్టూ ఉన్న దుకాణాలన్నిటికీ ఒక్కొక్క పలక కొనివ్వమని నా మనవి. రోడ్డు మీది దుకాణదారులందరినీ ఒక్కరోజు ఒక్కచోట కూర్చోబెట్టి, అందరూ ఒకే మాట మీద ఉండేటట్టు చూడాలి. నూరు గజాల లోపల ఉన్నవాళ్ళు ఆ సరుకు మానుకొని వేరేది అమ్ముకొనేందుకు నగర పాలక సంస్థ వారితో మాట్లాడాలి. మన లెక్చరర్లు వెంట వస్తే దుకాణదారులు ఇంకా గౌరవిస్తారు.

నా మట్టుకు నేను నాలుగు పలకలు కొని, మా దారిలో నూరు గజాల అవతల ఉన్న నాలుగు చోట్ల అడిగి చూశాను. ఒక కిరాణం సేటు తీసుకొని అప్పుడే వేలాడదీశాడు, రోజూ తేదీ మార్చే పని తన కూతురికి అప్పజెప్పాడు. చాయ్ బండి ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. ఒకాయన నవ్వి, పలక వెనక్కి ఇచ్చాడు. మా గది దగ్గరి డబ్బా అన్న మాత్రం పలకను అటూ ఇటూ తిప్పి చూసి, “పెడత తమ్మీ, పెట్టనని గాదు. గని ముందుగాల మీ హాస్టల్ పోరగాండ్లకు చెప్పు. చిన్నపోరలకు నా కాడ కొనుకపోయేది ఆళ్ళే” అన్నాడు.